ముట్లుడుగు వయస్సున అలసట

నర్సాపూరు చుట్టుపట్ల పల్లెలలో నాట్లకును కలుపుతీతకును పోయి, పొద్దుగూకిన వెనుక ఇల్లు చేరి పొయ్యి ముట్టించు నలువదియైదేండ్ల యిల్లాలు "పానం శాతనైతలేదు" అన్నచో, వినువారు దానిని పనిబడలిక యనియో వయోధర్మ మనియో త్రోసిపుచ్చుట పరిపాటి. అది సోమరితనము కాదు, విధివ్రాత యంతకన్నను కాదు. కారణము తెలిసినచో చాలమట్టుకు తీరునట్టి బాధ.

పండ్రెండు మాసములు వరుసగా ముట్టు రాకున్నచో ముట్లుడిగినట్లు వైద్యులు నిర్ణయింతురు. మన దేశమున ఇది సాధారణముగా 46, 47 ఏండ్ల ప్రాయమున జరుగును. అంతకు కొన్నియేండ్ల ముందునుండియే ఈస్ట్రోజెన్ హెచ్చుతగ్గులై క్రమముగా క్షీణించుటచే, దేహోష్ణమును నియమించు వ్యవస్థ కలతపడి, ఒంట ఆవిర్లెగసి, నడిరేయి చెమటలు పట్టి నిద్ర చెడును. ఈ సంధికాలమున కొందరికి అధిక రక్తస్రావమై రక్తహీనతయు దాపురించును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున 15–49 ఏండ్ల స్త్రీలలో 57.6 శాతము రక్తహీనులని తేలినది గనుక, అలసటనంతటిని వయస్సుపై మోపక, హిమోగ్లోబిన్, థైరాయిడ్, చక్కెర, బి12 పరీక్షలు చేయించుకొనవలెను.

గర్భసంచి తీయించుకొన్నచో బాధలన్నియు తొలగునను నమ్మకము మన సీమలో బలముగా నాటుకొన్నది. దేశమున 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు ముగ్గురికి ఈ శస్త్రచికిత్స జరిగియుండగా, తెలంగాణమున ఎనమండుగురికి జరిగినది. అండాశయములనుకూడ తొలగించినచో ముట్లుడుగు దశ ఒక్కసారిగ మీదపడును; వానిని ఉంచినను, కొందరికి ఆ దశ ముందుగనే వచ్చును. కావున ప్రాణాపాయము లేనిచోట, రెండవ వైద్యుని అభిప్రాయము వినక ఒప్పుకొనరాదు.

నిత్యజీవితమున పాటింపదగినవి కష్టసాధ్యములు కావు. వేళకు పడుకొని వేళకు లేచుట, రాత్రి నూలుబట్టలు కట్టి గాలి తగులుచోట శయనించుట, సాయంకాలము పిమ్మట చాయ మానుట నిద్రకు మేలు. పొలము పని లేనివారికి ప్రతిదినమును అరగంట నడక అవసరము. జొన్నరొట్టెతోబాటు పప్పు, ఆకుకూర, గ్రుడ్డు తినుచు, ఇనుము ఒంటబట్టుటకై భోజనమున నిమ్మరసము చేర్చుకొని, అన్నము తిన్నవెంటనే చాయ త్రాగకుండుట మంచిది. ఆవిర్లు భరింపరానంతగా నున్నచో, హార్మోను చికిత్స తమకు తగునో తగదో వైద్యులే పరీక్షించి చెప్పవలెను. ముట్లుడిగిన ఏడాదికి పిదప మరల రక్తము కనబడినచో, అది కొంచెమే యైనను, జాగు సేయక ఆసుపత్రికి పోవలెను.

2023 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వము ఆరోగ్య మహిళ కార్యక్రమమును ప్రారంభించి, మంగళవారములందు స్త్రీలకు ప్రత్యేకముగా జరుపు పరీక్షలలో ఈ దశలోని బాధలనుకూడ చేర్చినది. సిగ్గుచేతనో ఖర్చు భయముచేతనో స్త్రీలు వెనుదీయుదురు గనుక, వారిని వెంటబెట్టుకొని పోవుటయు, నీళ్లబిందెయు వంటపనియు కొంత తమ చేతులకు తీసుకొనుటయు భర్తలకు, కొడుకులకు విధి. ఇంటి బరువును మూడు దశాబ్దులు మోసిన తల్లికి విశ్రాంతి నిచ్చుట దయ కాదు, ఋణము తీర్చుకొనుట.