లేదంటే...

రేషన్ షాపులో ఓ పెద్దావిడ బొటనవేలు కొంగుకు తుడుచుకుని ఈపాస్ మిషన్ అద్దం మీద పెట్టింది. ఎర్రగా వెలిగింది, కీచుమంది. "పడలేదు మామ్మా, చూపుడువేలు పెట్టు" అన్నాడు డీలరు. ఏళ్ల తరబడి మిరపకాయలు కోసిన వేళ్లవి. గీతలు అరిగి నున్నగా అయిపోయాయి. ఇక ఆవిడకు బియ్యం అందుతాయా, లేదా అన్నది ఎక్కడో ఓ ప్రోగ్రామరు "లేదంటే" అన్న మాట తర్వాత ఏం రాశాడో దాన్నిబట్టే ఉంటుంది.

"ఇలా అయితే ఈ దారి, లేదంటే ఆ దారి" అనడం లెక్కల యంత్రాలకు అంత తేలిగ్గా అబ్బలేదు. 1830ల్లో లండన్‌లో చార్లెస్ బాబేజ్ ఊహించిన అనలిటికల్ ఇంజిన్‌లో ఆ ఏర్పాటుంది, కానీ ఇంజినే తయారు కాలేదు. 1941లో బెర్లిన్‌లో కొన్రాడ్ జూజ్ జెడ్3ని నడిపించాడు. అది ఫిల్ము మీది రంధ్రాల్లో ఉన్న ఆదేశాలను వరసగా చదువుకుపోయేది. వచ్చిన జవాబు చూసి దారి మార్చుకునే ఆదేశం దానికి లేదు.

ఆ విద్య యంత్రాలకు అబ్బాక, 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బటో బృందం ఒకే కంప్యూటర్‌ను పలువురు పంచుకునే సీటీఎస్ఎస్‌ను చూపించింది. ఎవరి ఫైళ్లు వాళ్లకే దక్కాలి కాబట్టి అందులోకి పాస్‌వర్డ్ వచ్చింది. సరిపోతే లోపలికి, లేదంటే బయటికి.

రేషన్ షాపుకు ఆ రెండు దారులు చాలవు. వేలిముద్ర పంపితే ఆధార్ సర్వరు "అవును" అనో "కాదు" అనో చెబుతుంది. "కాదు" అంటే కారణాన్ని ఓ అంకెతో జతచేస్తుంది. 300 అంటే వేలిముద్ర కలవలేదని. మరి సిగ్నలు పోయి జవాబే రాకపోతే? అది "కాదు" కిందికి రాదు. మనిషి అబద్ధమని ఎవరూ తేల్చలేదు, అడిగిన ప్రశ్న చేరలేదంతే. ఈ రెంటినీ ఒకే గాట కట్టేసిన ప్రోగ్రాము సాంకేతికంగా ఎంత శుభ్రంగా ఉన్నా నా దృష్టిలో తప్పు ప్రోగ్రామే. ముద్ర కలవనివాళ్లకు ఇంకో వేలు చూపించే దారి కావాలి. జవాబు రానివాళ్లకు కాసేపాగి మళ్లీ పంపే దారి కావాలి.

వేళ్లన్నీ అయ్యాక ఐరిస్, అదీ కాకపోతే ఫోనుకు ఓటీపీ. ఏదీ కుదరకపోయినా అర్హులను వట్టి చేతులతో పంపొద్దని, కార్డు చూసి సరుకులిచ్చి విడిగా రిజిస్టరులో రాసుకోవాలని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరులో రాష్ట్రాలకు చెప్పింది. ఈ చివరి దారినే అతి జాగ్రత్తగా వేయాలి. సరుకు పక్కదారి పట్టించాలనుకునేవాడూ ముందు వెతికేది దాన్నే. అందుకే డీలరు ఒక్కడి చేతిలో పెట్టకూడదు. ఎన్నిసార్లు వేలు పెట్టారు, ఏ అంకె వచ్చింది, ఎవరు ఒప్పుకున్నారు అన్నవన్నీ నమోదు కావాలి. అలాగని మూసేస్తే ఆకలితో ఉన్న మనిషి బయటే ఉండిపోతుంది.

నాలుగో వేలూ పడలేదు. పెద్దావిడ కళ్లజోడు తీసి, ఐరిస్ పరికరం కేసి రెప్పవేయకుండా చూసింది. చిన్న రసీదు బయటికొచ్చింది. డీలరు సంచి అందుకుని కాటా మీద పెట్టాడు.