ఏటిగట్టుకి ఏ సైకిలు?

కోనసీమలో కాస్త మంచి సైకిలు కొనాలనుకునేవాళ్ల కళ్లు ముందు రోడ్ బైకు మీదే పడతాయి. వంపు తిరిగిన హ్యాండిలు, సన్నటి టైర్లు, ఒంటిచేత్తో ఎత్తగలిగే బరువు. చూడటానికి ఇంచుమించు అలాగే ఉండే సైక్లోక్రాస్ బైకుని అడిగేవాళ్లు తక్కువ. కానీ అమలాపురంలోనో రాజోలులోనో కొత్తపేటలోనో ఉంటూ, ఆదివారం పూట నలభై యాభై కిలోమీటర్లు తొక్కి రావాలనుకునేవాళ్లకి పనికొచ్చేది ఈ రెండోదేనని నా గట్టి అభిప్రాయం.

సైక్లోక్రాస్ యూరప్‌లో చలికాలపు పందెం. బురద, గడ్డి, ఇసుక ఉన్న చిన్న చుట్టులో గంటసేపు సాగుతుంది. తొక్కడం కుదరని చోట దిగి, సైకిలు భుజాన వేసుకుని పరుగెత్తాల్సిందే. 1950లో పారిస్‌లో జరిగిన తొలి ప్రపంచ పోటీని గెలిచిన జాన్ రోబిక్, 1947 టూర్ ద ఫ్రాన్స్ విజేత కూడా. ఈ పందెంలో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదని అంతర్జాతీయ సమాఖ్య నిబంధన. ఫ్రేములో మాత్రం సాధారణంగా అంతకన్నా లావు టైరు కూడా పడుతుంది. అసలు కిటుకు ఆ ఖాళీలోనే ఉంది. పాత తరహా రోడ్ బైకులో 25 మిల్లీమీటర్ల టైరుకీ, పైనున్న బ్రేకుకీ మధ్య సందు చాలా తక్కువ. ఒండ్రుమట్టి గడ్డిపోచలతో కలిసి ఆ సందులో ఇరుక్కుంటే చక్రం తిరగనే తిరగదు. సైక్లోక్రాస్ ఫోర్కులో ఆ ముద్ద జారిపోవడానికి దారి ఉంటుంది. ఇప్పుడు డిస్కు బ్రేకులే ఎక్కువ కాబట్టి, ఇసుక బురద రిమ్ముని అరగదీసే బాధా తప్పుతుంది.

రోడ్ బైకు గొప్పతనం దేనిలో ఉంది? ఒకటి, తేలిక. కిలో బరువు తగ్గితే లాభం తెలిసేది కొండ ఎక్కేటప్పుడు. కోనసీమలో కొండ ఎక్కడుంది? చించినాడ, ఎదుర్లంక, జొన్నాడ వంతెనల ఎత్తే ఇక్కడి ఘాట్ రోడ్డు. రెండు, గాలికి ఒదిగి కూర్చునే తీరు. సముద్రం మీంచి వీచే ఎదురుగాలే ఇక్కడ కాళ్లకి అసలు పరీక్ష కనుక ఇది నిజమైన లాభమే; కానీ వంపు హ్యాండిలు సైక్లోక్రాస్‌కీ ఉంది, తేడా స్వల్పం. మూడు, నున్నటి తారు మీద వేగం. ఆ నున్నటి తారు ఉన్నది ఎక్కువగా 216వ నంబరు జాతీయ రహదారి మీద. అక్కడ లారీలూ బస్సులూ సైకిలుకి మిగిల్చేది అంచు మాత్రమే. ఊళ్లమధ్య రోడ్ల మీద కోతలప్పుడు సగం మేర ధాన్యం ఎండబోస్తారు. మిగతా సగంలో ఎదురుగా ట్రాక్టరు వస్తే మార్జిన్లోకి దిగాల్సింది సైకిలే. సన్నటైరు అక్కడే తడబడుతుంది.

అసలు ఈ సీమలో తొక్కదగ్గ దారులు గట్ల మీద ఉన్నాయి. 1852లో కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక బొబ్బర్లంక నుంచి మధ్యడెల్టాకి పారిన కాలువలు, వాటి గట్లు, గోదావరి పాయలైన గౌతమీ వశిష్ఠ వైనతేయలకి కాపుగా వేసిన ఏటిగట్లు ఊరూరినీ కలుపుతాయి. పి.గన్నవరంలో కాలువ ఏకంగా వైనతేయని దాటుతుంది. కొబ్బరి నీడ, కుడిపక్క నీరు, ఎడమపక్క చేలు, వాహనాల రొద లేదు. ఇంత మంచి దారి వదిలి రహదారికే కట్టుబడటం నాకు బాధగా ఉంటుంది. అయితే ఒక కిలోమీటరు తారు, తర్వాత గ్రావెలు, ఆ పైన వట్టి మట్టి. 25 టైరులో ఎనభై తొంభై పీఎస్‌ఐ గాలి ఉండాలి, లేకుంటే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పంక్చరవుతుంది. నలభై టైరుకి అందులో సగం చాలు. గతుకుని చేతులకంటే ముందు టైరే మింగుతుంది.

లావు టైరు నెమ్మది కదా అంటారు. ముతక రోడ్డు మీద కాదు. గట్టి టైరు ప్రతి గులకరాయికీ ఎగిరిపడి, తొక్కిన శక్తిని మనిషి ఒంటిలోకే తిప్పికొడుతుంది. తారు మీద తేడా కొంత ఉంటుంది, కానీ టైర్లు మార్చి 28 వేసుకుంటే చాలావరకు పోతుంది. రోడ్ బైకుకి నలభై వేద్దామంటే సాధారణంగా చోటే ఉండదు. కొత్త రోడ్ బైకుల్లో 32 కూడా పడుతున్నాయనేది బలమైన అభ్యంతరమే. గ్రావెలు వరకు అవి నడుస్తాయి. గడువులోపు తొక్కాల్సిన దూరపు సవారీ అయిన 200 కిలోమీటర్ల బ్రెవేని పదమూడున్నర గంటల్లో ముగించాలని హైవే మీదే సాధన చేసేవాళ్లు కూడా రోడ్ బైకే కొనుక్కోవాలి. ఇక శ్రావణంలో, వానకి నానిన నల్లమట్టి గట్టు మీద ఏ సైకిలూ కదలదు. సైక్లోక్రాస్ అయినా భుజానికెత్తుకోవాల్సిందే.

మిగిలింది దొరకడం. నికార్సైన సైక్లోక్రాస్ బైకు మన దుకాణాల్లో అరుదు. దాని దగ్గరి చుట్టమైన గ్రావెల్ బైకు సులువుగా దొరుకుతుంది, క్యారియరు బిగించే బెజ్జాలు కూడా చాలావాటికి ఉంటాయి. బడ్జెటు చాలకపోతే 38 టైర్ల హైబ్రిడ్ నయం. మన పాత అట్లాస్, హీరో సైకిళ్ల ఇరవై ఎనిమిది ఒకటిన్నర అంగుళాల టైరు వెడల్పు కూడా దాదాపు నలభై మిల్లీమీటర్లే; ఈ గట్లకి ఎంత లావు కావాలో తాతలకి తెలుసు. కాకపోతే రిమ్ము కొలత వేరు కనుక ఆ టైరు వీటికి పట్టదు. వాల్వు కూడా సన్నరకమైతే ఊళ్లో పంపు తగలదు. కొన్నరోజే రెండు స్పేరు ట్యూబులు, ఒక అడాప్టరు, చిన్న చేతిపంపు తీసుకుని సీటు కింద సంచిలో పెట్టుకోవాలి.