ట్రాన్సిస్టర్‌లోని నల్లకడ్డీ

ట్రాన్సిస్టర్ రేడియో ఉన్న ఇళ్లలో ఒక విద్య అందరికీ తెలుసు. స్టేషన్ సరిగా పలక్కపోతే పెట్టెను అటూ ఇటూ తిప్పాలి. ఒక దిక్కుకు రాగానే గరగర తగ్గి వార్తలు తేటగా వినబడతాయి. మీడియం వేవ్‌ను పట్టేది పైకి లాగే ఏరియల్ కాదు, లోపల రాగితీగ చుట్టిన నల్లటి కడ్డీ. అది స్టేషన్‌కు అడ్డంగా ఉంటే బాగా అందుకుంటుంది, మొన అటు తిరిగితే దాదాపు మూగబోతుంది. ఆ కడ్డీ ఫెరైట్.

దాని బదులు ఇనుప కడ్డీ పెడితే పని జరగదు. ఇనుములో కరెంటు పారుతుంది. సెకనుకు లక్షలసార్లు దిశ మార్చుకునే అయస్కాంత క్షేత్రం దాని ఒంట్లో సుడి ప్రవాహాలు పుట్టిస్తుంది, శక్తి వేడిగా వృథా అవుతుంది. ఫెరైట్ పింగాణీ జాతిది. తుప్పుకు దగ్గరి చుట్టమైన ఐరన్ ఆక్సైడ్‌లో జింకు, నికెల్, మాంగనీసు వంటి లోహాల ఆక్సైడ్లు కలిపి, పొడిని అచ్చులో నొక్కి, వెయ్యి డిగ్రీలకు పైన కాలుస్తారు. కుమ్మరి పనికీ దీనికీ పెద్ద దూరం లేదు.

దీని కథ టోక్యోలో, జింకు దగ్గర మొదలైంది. జింకు శుద్ధికి అడ్డుపడే జింక్ ఫెరైట్‌ను పరిశీలిస్తూ యొగోరో కాటో, తకేషి తకెయి 1930లో అయస్కాంత ఫెరైట్లను కనిపెట్టారు. వాటిని తయారుచేసి అమ్మడానికే 1935లో టీడీకే సంస్థ పుట్టింది. నెదర్లాండ్స్‌లో ఫిలిప్స్ ప్రయోగశాలలో స్నూక్ వీటికి మరింత మెరుగుపెట్టాడు. 1950లలో కంప్యూటర్ల జ్ఞాపకశక్తి కూడా ఫెరైట్ రింగులే. ఒక్కో రింగు ఒక్కో బిట్‌ను దాచుకునేది.

లోపలి రహస్యం మాత్రం 1948లో ఫ్రాన్స్‌కు చెందిన లూయీ నేల్ చెప్పేదాకా తేలలేదు. ఫెరైట్ స్ఫటికంలో లోహపు అయాన్లకు రెండు రకాల చోట్లుంటాయి. ఒక చోటివి ఒక దిక్కుకు, రెండో చోటివి ఎదురు దిక్కుకు లాగుతాయి. తాడు లాగే ఆటలో రెండు జట్లూ సమానం కాకపోతే ఎంత తేడా మిగులుతుందో, అంతే మనకు దొరికే అయస్కాంతత్వం. నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న విషయం ఇక్కడే ఉంది. జింకుకు సొంత అయస్కాంతత్వం లేదు. అయినా నికెల్ ఫెరైట్‌లో కొంత జింకు కలిపితే బలం పెరుగుతుంది. అది బలహీనమైన జట్టులో చేరి, అక్కడి ఇనుమును ఎదుటి జట్టుకు పంపేస్తుంది. మోతాదు మించితే మాత్రం రెండు జట్ల మధ్య పట్టు సడలి, బలం పడిపోతుంది. నేల్‌కు 1970లో నోబెల్ వచ్చింది.

ముద్దగా ఉన్న జింక్ ఫెరైట్ మామూలు వేడిమి దగ్గర అయస్కాంతానికి గట్టిగా స్పందించదు. దాన్నే కొన్ని నానోమీటర్ల రేణువులుగానో, సన్నటి పొరగానో తయారుచేస్తే కొంత జింకు, కొంత ఇనుము చోట్లు మార్చుకుంటాయి, దాంతో అయస్కాంతత్వం పైకొస్తుంది. తకెయి బల్లమీదికి 90 ఏళ్లకు పైగా క్రితం వచ్చిన ఆ పదార్థం మీద పరిశోధన ఇప్పటికీ సాగుతూనే ఉంది.