రివాల్వరు సుత్తి: బయటనా, లోపలనా?

1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణా సాయుధ పోరాటంలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పల్లెజనం మొదట చేపట్టినవి కర్రలు, వడిసెలలు. తరువాత దళాల చేతికి వచ్చిన ఆయుధాలలో బర్మారు ఒకటి. మూతి నుండి మందు, గుండు దట్టించి కాల్చే తుపాకికే బర్మారు అని పేరు. టోపీతో పేలే బర్మారును చూచినట్లయితే, దాని గొట్టం చివర ఒక పక్కగా, కోడిమెడ వలె వంగిన ఇనుప ముక్క ఒకటి నిక్కి కనబడుతుంది. అదే సుత్తి. ఉర్దూ వాడుకలో దానిని ఘోడా, అనగా గుర్రం, అంటారు.

ఈ సుత్తి చేసే పని చాలా చిన్నది. బొటనవ్రేలితో దానిని వెనుకకు లాగితే లోపలి స్ప్రింగు వంగి శక్తిని నిలువ చేసికొంటుంది. ఒక కొక్కెం దానిని పట్టి ఉంచుతుంది. మీట నొక్కగానే కొక్కెం వదలుతుంది, సుత్తి ముందుకు దూకి రాగి టోపీని కొడుతుంది. టోపీలో ఉండేది దెబ్బకు భగ్గుమనే పేలుడు పదార్థం. ఇటువంటి పదార్థాలను తుపాకి వెలిగించడానికి వాడవచ్చునని చూపి 1807లో పేటెంటు పొందినవాడు అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే స్కాట్లండు మతాచార్యుడు. పక్షుల వేటలో చెకుముకి తుపాకి మెరుపు చూచి పక్షులు ఎగిరిపోతున్నవని ఆయన బాధ!

బర్మారులో సుత్తి బయట ఉండక తప్పదు. ప్రతి పేలుడుకూ కొత్త టోపీని చేతితో అమర్చాలి కదా. మందు, గుండు, టోపీ మూడూ ఒకే తూటాలో ఇమిడిపోయిన తరువాత ఆ అవసరం తీరిపోయింది. అయినా రివాల్వరులో సుత్తి బయటనే నిలిచింది. దానికి కారణం బొటనవ్రేలు.

సుత్తి బయట ఉన్న రివాల్వరును సాధారణంగా రెండు విధాల కాల్చవచ్చు. బొటనవ్రేలితో సుత్తిని ముందుగా ఎత్తిపెట్టి మీట నొక్కడం ఒక పద్ధతి. అప్పుడు మీట చేయవలసినది కొక్కెం వదలించడమే కనుక ఒకటిన్నర, రెండు కిలోల బరువుకు సమానమైన బలం చాలు. మీట కదిలే దూరం కూడా కొద్ది మిల్లీమీటర్లే. రెండవ పద్ధతిలో మీట ఒక్కటే సుత్తిని ఎత్తాలి, వదలాలి, సిలిండరును తిప్పి కొత్త తూటాను ఎదుటికి తేవాలి. ఇందుకు అయిదు కిలోల వరకు బలం కావాలి, దూరం కూడా ఎక్కువ. స్ప్రింగును వంచడానికి కావలసిన పని రెండింటిలోనూ దాదాపు ఒకటే. ఒకచోట బొటనవ్రేలు చేస్తుంది, మరొకచోట చూపుడువ్రేలు చేస్తుంది. చిన్న రివాల్వరు బరువు అరకిలో అయితే, దాని బరువుకు పది రెట్ల బలంతో మీటను లాగాలన్న మాట. అరచేయి అంతే బలంతో ఎదురు నిలువకపోతే గొట్టం పక్కకు తొలగుతుంది, గురి తప్పుతుంది. బలము, ప్రతిబలము పాఠం చెప్పే ఉపాధ్యాయునికి ఇది మంచి ఉదాహరణ.

మరి అంత అనుకూలమైన సుత్తిని ఎందుకు దాచవలసి వచ్చింది? గుడ్డ వలన. జేబులోనో, చేతిసంచిలోనో పెట్టుకొన్న రివాల్వరును ఆత్రంగా తీసేటప్పుడు సుత్తి కొమ్ము దారాలకు తగులుకొంటుంది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులో తిరిగే బెల్టుకు, చక్రానికి రేకు మూత ఎందుకు ఉండాలో తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. పంచె చెంగు పట్టుకొనేది ఏదైనా మూతలో ఉండవలసిందే; 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కూడా అదే కోరింది.

అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ 1887లో సుత్తిని పూర్తిగా లోపల పెట్టిన రివాల్వరును అమ్మకానికి తెచ్చింది. దానిని 'సుత్తి లేనిది' అని పిలిచారు. విప్పి చూస్తే సుత్తి లోపలే ఉంటుంది. పేరు మాత్రం తప్పు. ఇంగ్లండులో మరొక మార్గం తొక్కారు. టాంకులలోని ఇరుకుచోట సుత్తి కొమ్ములు తగులుకొంటున్నవని 1938లో ఎన్‌ఫీల్డు సైనిక రివాల్వరుకు ఆ కొమ్మునే తీసివేశారు. తగులుకోవడం పోయింది గాని, ప్రతిసారీ బరువైన మీటను లాగవలసి రావడం చాలామంది సైనికులకు నచ్చలేదు. 1950లలో స్మిత్ అండ్ వెస్సన్ చిన్న రివాల్వర్లలో మూడు రకాలూ దొరికాయి: సుత్తి బయట ఉన్నది, పూర్తిగా మూసినది, ఇరుపక్కల గోడలు కట్టి పైన కొన మాత్రం వ్రేలికి అందేటట్లు వదలినది. ఈ మూడవదానిలో రెండు లాభాలూ ఉన్నట్లు తోస్తుంది గాని, ఆ గోడల మధ్య సందులో జేబులోని పీచు, దుమ్ము చేరుతుంది. శుభ్రం చేస్తూ ఉండాలి.

క్రింద పడితే ఏమవుతుందనేది ఇంతకంటె పెద్ద ప్రశ్న. పాతకాలపు రివాల్వర్లలో సుత్తికి అతికిన సూది సూటిగా తూటా మీదనే ఆని ఉండేది. నేలకు సుత్తి తగిలితే చాలు, మీట జోలికి పోకుండానే పేలేది. అందుకే జాగ్రత్తపరులు సుత్తి ఎదుటి గదిని ఖాళీగా ఉంచేవారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఓడ ఉక్కు తట్టుపై రివాల్వరు పడి పేలి, ఒక అమెరికా నావికుడు మరణించాడు. లోపల అడ్డుపలక ఉండి కూడా అది పనిచేయలేదు. ఆ తరువాత కంపెనీ ఆ పలకను మీట కదలికతోనే ముడిపెట్టింది: మీటను పూర్తిగా లాగినప్పుడు తప్ప సుత్తికి దారి దొరకదు. కాబట్టి పడిపోయినప్పుడు రక్షించేది ముఖ్యంగా ఈ అడ్డే. సుత్తి పైకి కనబడడం లేదు గనుక ప్రమాదం లేదనుకోవడం పొరపాటు.

2014లో కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం స్త్రీల కొరకని ప్రకటించి తెచ్చిన 'నిర్భీక్' సుమారు అరకిలో బరువున్న రివాల్వరు. చేతిసంచిలో ఉంచుకోదగినదని చెప్పినా దాని సుత్తి బయటనే ఉన్నది. 1959 ఆయుధాల చట్టం క్రింద లైసెన్సు లేనిదే దీనిని ఉంచుకోరాదు.

బయటి సుత్తిలో ఒక మేలున్నది: ఎత్తి ఉన్నదో లేదో చూపుతోనే తెలుస్తుంది. కాని ఎత్తిన సుత్తిని కాల్చకుండా మెల్లగా దించవలసి వచ్చినప్పుడు, ఒక వ్రేలు మీటను నొక్కి ఉంచాలి, మరొక వ్రేలు స్ప్రింగు బలాన్ని ఆపాలి. చెమట పట్టిన బొటనవ్రేలు జారితే తూటా పేలినట్లే. మూసిన సుత్తిని ఎత్తిపెట్టడం సాధ్యం కాదు కనుక దానిని దించే పని కూడా లేదు.