పొగకు గోడ తోడు

వంటగది అమరిక అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆకారం. ఒకే గోడ వెంట సాగే గట్టు, ఎదురెదురుగా రెండు గట్లు, ఎల్ ఆకారం, యూ ఆకారం, గది నడుమ విడిగా నిలిచే ఐలాండ్: నగరాల అపార్టుమెంట్లలో సాధారణంగా కనిపించేవి ఈ ఐదే. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా కొత్తగా ఫ్లాటు కొన్నవారు మాడ్యులర్ కిచెన్ దుకాణానికి వెళితే, వీటిలో ఏది కావాలన్నదే మొదటి ప్రశ్న. పొయ్యి ఎక్కడ, దాని వెనక గోడ ఉందా కిటికీ ఉందా అన్న ప్రశ్న ఆ తర్వాతెప్పుడో వస్తుంది, లేదా రానే రాదు. తాలింపు ఘాటు పడకగది దాకా ఎందుకు వెళ్తోందో తేల్చేది మాత్రం ఈ రెండో ప్రశ్నే.

చోటు లెక్క త్వరగానే తేలిపోతుంది. 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం, భోజనానికి వేరే చోటున్న ఇంట్లో వంటగది కనీసం 5 చదరపు మీటర్లు ఉండాలి, వెడల్పు 1.8 మీటర్లకు తగ్గకూడదు. గట్టు లోతు మామూలుగా 60 సెంటీమీటర్లు. రెండు వైపులా గట్లు కడితే నడుమ మిగిలేది ఇంకో 60. అందులో ఒక మనిషి నిలబడవచ్చు గానీ, వంగి కింది అర లాగాలంటే పక్కకు జరగాలి. వెనక నుంచి మరొకరు దాటిపోవడం కుదరదు. అందుకని ఎదురెదురు గట్లకూ యూ ఆకారానికీ కనీసం 2.1 మీటర్ల వెడల్పు కావాలి. అంతకంటే ఇరుకైతే ఎల్, మరీ ఇరుకైతే ఒంటి గట్టు. ఐలాండ్‌కు చిన్న ఫ్లాటులో చోటే ఉండదు. అయినా ఈమధ్య హాలుకూ వంటగదికీ మధ్య గోడ కొట్టించి మరీ దాన్ని నిలబెడుతున్నారు. దాని సంగతి ముందుముందు వస్తుంది.

వంటగది అమరికను శాస్త్రంగా చూడటం అడుగులు లెక్కపెట్టడంతో మొదలైంది. ఫ్యాక్టరీల్లో కార్మికుల కదలికలను కొలిచే పద్ధతిని అమెరికన్ రచయిత్రి క్రిస్టీన్ ఫ్రెడరిక్ 1910ల్లో ఇంటిపనికి వర్తింపజేశారు. ఆమె రాతలు చదివిన వియన్నా ఆర్కిటెక్ట్ మార్గరెటె ష్యూటె-లిహోట్స్కీ, రైలు భోజనశాల పెట్టెలోని ఇరుకు వంటగదిని కూడా దృష్టిలో పెట్టుకుని, 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరపాలక సంస్థ కట్టే ఇళ్ళకోసం సుమారు ఆరున్నర చదరపు మీటర్ల వంటగదిని గీశారు. అలాంటివి దాదాపు 10,000 కట్టారు. నేటి ఫ్లాటు వంటగదికి మూలం అదే. దాన్ని గీసేనాటికి తనకు వంట చేసే అలవాటే లేదని ఆమే తర్వాత ఒప్పుకున్నారు. అమెరికాలో, పన్నెండుమంది పిల్లల తల్లీ ఇంజనీరూ అయిన లిలియన్ గిల్‌బ్రెత్ 1929 ప్రాంతంలో వంటగది సామాను స్థానాలు మార్చి, ఒక స్ట్రాబెర్రీ కేకు తయారీకి పట్టే అడుగులను 281 నుంచి 45కు దించి చూపించారు. 1940ల్లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఈ ఆలోచన ఒక సూత్రంగా స్థిరపడింది. పొయ్యి, సింకు, ఫ్రిజ్ ఒక త్రిభుజం కావాలి, దాని మూడు భుజాల మొత్తం 26 అడుగులు మించకూడదు.

డిజైనర్లు ఇప్పటికీ వల్లించే సూత్రమిది. దీన్ని 5 చదరపు మీటర్ల గదికి పెట్టి చూస్తే తమాషాగా ఉంటుంది. ఆ గది 1.8 మీటర్ల వెడల్పు, సుమారు 2.8 మీటర్ల పొడవు. పొయ్యిని ఒక మూల, సింకును ఇంకో మూల, ఫ్రిజ్‌ను మరో మూల పడేసినా త్రిభుజం చుట్టుకొలత 7.9 మీటర్లు, అంటే 26 అడుగుల లోపే. ఇంత చిన్న గదిలో ఆ హద్దు దాటాలన్నా దాటలేరు. దాటలేని హద్దు ఏ అమరిక మంచిదో, ఏది కాదో ఎలా చెబుతుంది? అడుగులు లెక్కపెట్టినవారు పొగను లెక్కలోకి తీసుకోలేదు. కాగిన నూనెలో ఆవాలు, ఎండుమిరపకాయలు పడినప్పుడు ఎగిసే సన్నని నూనె తుంపరలు, కణాలు, బర్నరు మంటలోంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ ఇంట్లోకి చేరకుండా చూడటమే అపార్టుమెంటు వంటగది మొదటి పని. బాసుమతి బియ్యం డబ్బాకు ఇంకో రెండడుగులు నడిస్తే వచ్చే నష్టమేమీ లేదు.

పొగ పైకి పోతుందని అందరికీ తెలుసు. ఎలా పోతుందన్నదే ఆసక్తికరం. చాలామంది ఊహలో అది కనపడని గొట్టంలో పోయినట్టు, పొయ్యి దగ్గర ఎంత ఉందో పైకి వెళ్ళాక కూడా అంతే ఉంటుంది. నిజానికి వేడిగాలి స్తంభం పైకి లేస్తూ తన అంచుల్లోని సుడుల ద్వారా చుట్టూ ఉన్న చల్లగాలిని లోపలికి లాక్కుంటూ పోతుంది. ఊరేగింపు బయల్దేరినప్పుడు పదిమందే ఉన్నా, ప్రతి సందు మొగలోనూ జనం వచ్చి కలుస్తూ ఊరి చివరకు వచ్చేసరికి వందలైనట్టే ఇదీ.

దీన్ని గణితంలో పెట్టినవారు జెఫ్రీ టేలర్. 1945లో జరిగిన ట్రినిటీ అణుపరీక్షను కళ్ళారా చూసిన శాస్త్రవేత్తల్లో ఆయనొకరు. పేలుడు తర్వాత లేచే వేడి వాయువుల కదలికపై అప్పట్లోనే ఆయన పనిచేశారు. 1956లో బ్రూస్ మోర్టన్, స్టీవర్ట్ టర్నర్‌లతో కలిసి ప్రచురించిన పత్రంలో ప్రధాన ఊహ చాలా చిన్నది: స్తంభం ఏ ఎత్తులో ఎంత వేగంగా పైకి పోతుంటే, ఆ వేగానికి తగిన నిష్పత్తిలో అక్కడ పక్కగాలి లోపలికి చేరుతుంది. ఈ ఒక్క మాట నుంచి మిగతాదంతా లెక్కకు వచ్చేస్తుంది. స్తంభం ఎత్తుతో పాటు సమంగా వెడల్పవుతుంది. దాని వేగం నెమ్మదిగా తగ్గుతుంది. అది మోసుకుపోయే గాలి పరిమాణం ఎత్తుకు ఐదు బై మూడో ఘాతంలో పెరుగుతుంది. అంటే ఎత్తు రెట్టింపైతే గాలి మూడు రెట్లు దాటుతుంది. బర్నరుకూ గిన్నెకూ కొంత వెడల్పు ఉంటుంది కాబట్టి వంటింట్లో ఇది రెండున్నర రెట్ల దగ్గర ఆగుతుంది. చిమ్నీని అందంకోసం పైకి జరిపినవారు కోల్పోయేది ఇదే. దానికి అందాల్సిన గాలి పెరిగిపోతుంది, స్తంభం దాని నోటికంటే వెడల్పైపోతుంది.

పొయ్యి మంట ఎంత పెద్దదన్నది అనుకున్నంత ముఖ్యం కాదు. గాలి పరిమాణం వేడికి ఘనమూలంగానే పెరుగుతుంది. మంట రెట్టింపైతే గాలి పెరిగేది 26 శాతమే. ఈ ఘనమూలమే గోడ విలువను బయటపెడుతుంది.

పొయ్యిని గోడకు ఆనించి పెట్టారనుకుందాం. గోడ స్థానంలో అద్దం ఉన్నట్టు ఊహిస్తే, అవతలి వైపు ఇంకో పొయ్యి కనిపిస్తుంది. అసలు పొయ్యీ దాని ప్రతిబింబమూ కలిసి రెట్టింపు వేడి ఉన్న ఒకే స్తంభాన్ని లేపుతున్నాయని లెక్క. ఆ స్తంభంలో గాలి 1.26 రెట్లు. అందులో ఇవతలి సగమే నిజం. 1.26లో సగం 0.63. అదే పొయ్యి, అదే మంట, అదే కూర. గోడ పక్కన ఉన్నందుకు అది లేపే గాలి 100 నుంచి 63కు పడిపోయింది, ఎందుకంటే ఒక వైపు నుంచి గాలి చేరే దారి మూసుకుపోయింది. మూలలో పెడితే రెండు అద్దాలు, మూడు ప్రతిబింబాలు, మొత్తం నాలుగు పొయ్యిలు. నాలుగుకు ఘనమూలం 1.59, అందులో నాలుగో వంతు 0.40. మూలలో 40, గోడకు 63, గది నడుమ 100.

అంకెల్లో చెప్పుకుంటే, ఒక బర్నరు నుంచి గాలికి చేరే వేడి ఒక కిలోవాట్ ఉంటే, 70 సెంటీమీటర్ల ఎత్తులో స్తంభం మోసుకొచ్చే గాలి, చుట్టూ ఖాళీగా ఉన్నప్పుడు, గంటకు 190 ఘనపు మీటర్ల దాకా ఉంటుంది. గోడ పక్కన 120, మూలలో 76. ఇది ఆదర్శ లెక్క. అసలు స్టవ్‌లో వెనక బర్నరు కూడా గోడకు జానెడు దూరంలో ఉంటుంది కాబట్టి లాభం పూర్తిగా దక్కదు. ముందు బర్నరుకు ఇంకా తక్కువ. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల పరిశోధకులు ఇళ్ళలో బిగించిన చిమ్నీలను పరీక్షించి 2012లో ప్రచురించిన ఫలితాల్లో, పొయ్యి నుంచి లేచినదాంట్లో అవి పట్టుకున్న భాగం 15 శాతం లోపు నుంచి 98 శాతం పైదాకా ఉంది. వెనక బర్నర్ల మీద పట్టు బాగుంది, ముందు వాటి మీద తగ్గింది. చేతికి దగ్గరని పోపు గరిటెను ముందు బర్నరు మీదే పెట్టడం ఇళ్ళలో మామూలు. నిజానికి వెనక బర్నరు మీద పెట్టాల్సినవి తాలింపు, వేపుళ్ళు. పాలు ముందు కాగినా ఫర్వాలేదు.

చిమ్నీ అట్టపెట్టె మీద గంటకు 1,200 ఘనపు మీటర్లని ఉంటుంది కదా, మూడు బర్నర్లకైనా అది చాలదా అని అనిపించవచ్చు. ఇక్కడే పెద్ద అపోహ ఉంది. చిమ్నీ పొగను లాగుతుందని అనుకుంటారు. దీపాన్ని ఊది ఆర్పవచ్చు, పీల్చి ఆర్పలేము. ఊదిన గాలి ఒకే దిక్కున దూరంగా పోతుంది. పీల్చినప్పుడు అన్ని వైపుల నుంచీ గాలి వస్తుంది కాబట్టి నోటికి కాస్త దూరంలోనే దాని ప్రభావం అంతరించిపోతుంది. చిమ్నీ కూడా తన నోటి దాకా వచ్చిన పొగను మింగుతుందే తప్ప కిందికి చెయ్యి చాపి అందుకోలేదు. పొగను అక్కడికి చేర్చేది వేడిగాలి స్తంభమే.

ఆ స్తంభం పెద్ద బలమైనదేమీ కాదు. దాని వేగం సెకనుకు సుమారు ఒక మీటరు. పక్క నుంచి అందులో సగం వేగంతో గాలి తగిలినా, 70 సెంటీమీటర్లు లేచేలోపు అది 35 సెంటీమీటర్లు పక్కకు వాలిపోతుంది. చిమ్నీ లోతులో సగం 25 సెంటీమీటర్లే. పొగ దాని అంచు తప్పించుకుని పైకప్పుకు తగిలి, అక్కడి నుంచి హాల్లోకి దారి తీస్తుంది. తెరిచిన కిటికీ, హాల్లో తిరిగే ఫ్యాను, తరచూ తెరుచుకునే యుటిలిటీ తలుపు, ఏదైనా ఆ మాత్రం గాలి కొట్టగలదు.

పొగ పోతుందని కిటికీ కింద పొయ్యి పెట్టడం ఇందువల్లనే పొరపాటు. చిమ్నీలు లేని రోజుల్లో దానికో అర్థం ఉండేదేమో. చిమ్నీ ఉన్న ఇంట్లో కిటికీ గాలి దాని పనిని చెడగొడుతుంది, పైగా సిమ్‌లో ఉన్న మంటను ఆర్పేస్తుంది. వాస్తు ప్రకారం ఆగ్నేయ మూలన తూర్పు ముఖంగా వండాలన్న నియమం కూడా ఇక్కడ అడ్డం తిరగవచ్చు. మూల అన్నంతవరకు అద్దాల లెక్క దానికి అనుకూలమే. కానీ వంటగదికున్న ఒక్క కిటికీ తూర్పు గోడకే ఉన్న ఫ్లాటుల్లో ఆ నియమం పొయ్యిని సరిగ్గా కిటికీ కిందికి నెడుతుంది. ష్యూటె-లిహోట్స్కీ వంట చేయకపోయినా ఈ విషయంలో సరిగ్గానే గీశారు. ఫ్రాంక్‌ఫర్ట్ వంటగదిలో కిటికీ కింద కూరగాయలు తరిగే బల్ల ఉంటుంది, పొయ్యి పక్క గోడకు ఉంటుంది.

ఇప్పుడు ఆకారాల దగ్గరికి రావచ్చు. ఒంటి గట్టులో పొయ్యి నిండుగోడకు ఉంటుంది కాబట్టి పొగ విషయంలో అది మంచిదే, ఇబ్బంది తరగడానికి చోటు చాలకపోవడం. ఎదురెదురు గట్లలో ఒక చివర తలుపు, మరో చివర యుటిలిటీ ఉంటే గది మొత్తం గాలి పరుగెత్తే దారి అవుతుంది. వంట సమయంలో ఒక తలుపు మూసి ఉంచితే తప్ప స్తంభం నిలవదు. యూ ఆకారం మూడు గోడల మధ్య ప్రశాంతంగా ఉంటుంది, వెడల్పు ఉంటే. ఎల్ ఆకారంలో కిటికీ ఉన్న చేతికి సింకు, నిండుగోడ ఉన్న చేతికి పొయ్యి సహజంగా కుదురుతాయి. అపార్టుమెంటు వంటగదికి ఎల్‌నే ఎంచుకోవడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు. పొయ్యిని లోపలి మూల వైపు జరపవచ్చు గానీ పెనం పిడి, మోచెయ్యి తగలకుండా అడుగు దూరమైనా వదలాలి. ఇక ఐలాండ్ మీద పొయ్యి అంటే నూటికి నూరు పాళ్ళ గాలి, నాలుగు వైపుల నుంచీ ఈదర, పైన వేలాడే చిమ్నీకి వెన్నుదన్నుగా గోడ లేకపోవడం. షోరూముల్లో అది అందంగా కనిపిస్తుంది, అక్కడ ఎవరూ చేపలు వేయించరు.

అమరిక కుదిరాక మిగిలేది గాలి జమాఖర్చు. 5 చదరపు మీటర్ల గదిలో 2.75 మీటర్ల ఎత్తుకు ఉండే గాలి 14 ఘనపు మీటర్ల లోపే. గంటకు 1,200 ఘనపు మీటర్ల చిమ్నీ దాన్నంతా 41 సెకన్లలో తోడేయాలి. అంత గాలి మళ్ళీ ఎక్కడి నుంచో రావాలి. ఏసీకోసం కిటికీలన్నీ మూసిన ఫ్లాటులో అది రాదు, కాబట్టి చిమ్నీ చప్పుడు చేస్తుంది గానీ పని చేయదు. పొయ్యికి దూరంగా ఉన్న కిటికీని, హాల్లోదైనా సరే, నాలుగు వేళ్ళ మేర తెరిస్తే చాలావరకు సరిపోతుంది. పైపులో ప్రతి వంపూ ఆ 1,200ను ఇంకా తగ్గిస్తుంది. పైపే లేకుండా బొగ్గు ఫిల్టరుతో గాలిని తిరిగి గదిలోకే వదిలే రకాలు వాసనను కొంత తగ్గిస్తాయి, వేడినీ ఆవిరినీ బయటికి పంపలేవు.

ఇవన్నీ తెలిసినా చాలాచోట్ల కొనేవారికి మిగిలే స్వేచ్ఛ తక్కువ. గ్రానైట్ గట్టు, సింకు పైపు, గ్యాస్ పాయింటు, గోడకు చిమ్నీ రంధ్రం, అన్నీ బిల్డరు ముందే తేల్చేసి ఉంటాడు. కాబట్టి గోడలు లేస్తున్న దశలోనే ప్లాను అడిగి చూడాలి. పొయ్యి వెనక నిండుగోడ, కిటికీకి కనీసం రెండు మూడడుగుల దూరం, పొయ్యి నుంచి బయటి గోడకు పైపు ఒకే వంపుతో పోయే దారి ఉన్నాయా అని అడగాలి. రంధ్రాన్ని వంటగది కిటికీ పక్కనే కొడితే, బయటికి పంపిన పొగ చిమ్నీ లాక్కునే గాలితో పాటు అదే కిటికీలోంచి లోపలికి వచ్చేస్తుంది. దాన్ని కిటికీకి పైన, వీలైనంత దూరంగా కొట్టించాలి.