పాత సరకు బండిని కొద్దికొద్దిగా బాగుచేసికొనుట

కూరగాయలు పండించు రైతునకు బండి అద్దె ప్రతి కోతకును తగులుచుండును. 2005లో టాటా ఏస్ వచ్చినది మొదలు చిన్న సరకు బండ్లు పల్లెలలో విరివిగా తిరుగుచున్నవి గనుక, వాడిన బండిని కొనుట నేడు పలువురికి సాధ్యమగుచున్నది. కొన్న తరువాత చేతిలో మిగిలిన సొమ్మును ముందు దేనిపై వెచ్చించవలెనన్నదే చిక్కు. చాలమంది తొట్టితోను, రంగుతోను ఆరంభింతురు. క్రింది నుండి పైకి వచ్చుట మేలు.

బయానా ఇచ్చుటకు ముందే రిజిస్ట్రేషను పత్రములో బండిపై అప్పు నమోదై యున్నదేమో చూడుడు. కొన్న 30 దినములలో పేరు మార్పునకు తెలియజేయవలెను. ఎనిమిదేండ్లు దాటిన సరకు బండికి ఏటేటా ఫిట్‌నెస్ పత్రము కావలెను. ఆ ఖర్చును బేరములోనే లెక్కించుకొనుడు.

మొదటి పంట డబ్బు బ్రేకులకు, టైర్లకు పోవలెను. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును గనుక, పాత బండిలో దానిని పూర్తిగా మార్పించుడు. టైరు ప్రక్కన చివరి నాలుగంకెలు అది తయారైన కాలమును తెలుపును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము 23వ వారము. గాడి లోతుగా కన్పించినను, ఏండ్లు గడచి అంచులు బీటలు వారిన టైరును నమ్మరాదు. ఛాసిస్‌ను చిన్న సుత్తితో తట్టి చూడుడు. ఎరువుల బస్తాలు మోసిన బండికి లోలోపల తుప్పు ఎక్కువ. మీరును ఎరువు దింపిన నాడే తొట్టిని నీటితో కడుగుడు.

ఇక కమాను కట్టల సంగతి. అదనముగా రెండు పట్టీలు వేయించినచో రెట్టింపు బరువు వేయవచ్చునని మెకానిక్కులు చెప్పుదురు. పట్టీలు పెరిగినను ఇరుసు, బేరింగులు, బ్రేకులు పాతవే గదా! బరువెక్కిన బండి ఆగుటకు ఎక్కువ దూరము పట్టును. గట్టి కమాను గతుకులలో టమాటాను కూడ చితుకగొట్టును. బరువు మీరినందుకు 2019 సవరణ ప్రకారము జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000.

హద్దు తెలిసికొనుట సులభము. పత్రములోని మొత్తము బరువు నుండి ఖాళీ బండి బరువు తీసివేయుడు. 750 కిలోలు మిగిలినవనుకొందము. ఇద్దరు మనుషులకు 130, మీరు బిగించిన ఇనుప చట్రమునకు 60 పోగా 560 కిలోలు. పెట్టె 25 కిలోలైనచో 22 పెట్టెలు. అందుచేత చట్రమును ఎంత తేలికగా చేయించిన అంత లాభము.

రెండవ పంటకు తొట్టి అడుగు చూడుడు. రబ్బరు చాప క్రింద నీరు నిలిచి రేకును తినివేయును. సందులు విడిచి పరచిన చెక్క పట్టీలైనచో నీరు జారును, పెట్టెల క్రింద గాలి ఆడును. ఆ తరువాతనే పైకప్పు. కోసిన కూరగాయలు కూడ శ్వాసించి వేడి పుట్టించును. పట్టా వాటిని అంటుకొనియున్నచో ఆ వేడి లోపలనే నిలుచును. పెట్టెలకు జానెడు ఎత్తున తెల్లని పట్టా కట్టి, ముందు వెనుకల గాలికి దారి విడువుడు. ఆకుకూరలపై తడి గోనె కప్పవచ్చును, టమాటాను మాత్రము తడుపరాదు. బండి ఆకారమును, కొలతలను మార్చు స్థిరమైన కట్టడమేదైనను, వెల్డింగునకు ముందే రవాణా కార్యాలయములో విచారించుడు.

తొట్టిలో బల్లలు వేయించి కూలీలను తీసికొనిపోవు ఆలోచన కొందరికి కలదు. ఇది ఎంతమాత్రము తగదు. సరకు బండి తొట్టిలో కూర్చున్న కూలీకి సామాన్యముగా బీమా వర్తింపదు. బండి బోల్తాపడినచో పరిహారము మీ పొలము మీదకే వచ్చును. కూలీలను ఆటోలోనో బస్సులోనో పంపుడు.

తెల్లవారుజామున సంతకు పోవువారు వెనుక ఎర్రని, ప్రక్కల పసుపుపచ్చని, ముందు తెల్లని మెరుపు పట్టీలు అంటించుకొనవలెను. దీనికి పంట డబ్బు వచ్చువరకు ఆగనక్కరలేదు.