పరిశోధనకు ముందు ప్రశ్న

సరిహద్దు గ్రామాల నుండి పిహెచ్.డి. వరకు వెళ్లే విద్యార్థులు సొంత ప్రాంతపు తెలుగునే పరిశోధనకు ఎన్నుకోవడం సహజం. 'తమిళనాడులో తెలుగువారు', 'ఒడిశాలో తెలుగు స్థితిగతులు' వంటి మాటలతో వారు పర్యవేక్షకుని వద్దకు వెళతారు. అవి శీర్షికలే గాని ప్రశ్నలు కావు. దేనికి జవాబు వెదుకుతున్నారో తెలియనప్పుడు పని ఎప్పుడు ముగిసిందో కూడా తెలియదు. ఇంటివారు పంపే డబ్బుతో పాటు ఏళ్లూ కరిగిపోతాయి.

హోసూరు ప్రాంతాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. 2006లో తమిళనాడు ప్రభుత్వం చేసిన చట్టం ప్రకారం తమిళం బడులలో తప్పనిసరి మొదటి భాష అయింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున సాగి, 2015-16లో పదో తరగతిని చేరింది. 'చట్టం వల్ల తెలుగు నశించిందా?' అని అడిగితే అది ఆవేదన అవుతుంది, పరిశోధన ప్రశ్న కాదు. నశించడమంటే ఇంట్లో మాట్లాడటం మానడమా, బడిలో చదవడం మానడమా, మాట్లాడగలిగీ రాయలేకపోవడమా? మొదటిదానికి జనగణనలోని మాతృభాష లెక్కలు కొంతవరకే పనికివస్తాయి. మాతృభాష తెలుగని రాయించిన ఇంట్లో పిల్లలతో తెలుగే మాట్లాడుతున్నారన్న హామీ లేదు. రెండవదానికి బడి అడ్మిషన్ రిజిస్టర్లు ఆధారం. మూడవదానికి పిల్లల చేత రాయించి చూడవలసిందే.

రెండవదాన్ని ఎన్నుకుంటే ప్రశ్న ఇలా కుదురుతుంది: 2001-02 నుండి 2015-16 వరకు హోసూరు తాలూకాలోని ప్రభుత్వ తెలుగు మాధ్యమ బడులలో ఒకటో తరగతిలో చేరిన పిల్లల సంఖ్య ఏ విధంగా మారింది? చట్టానికి ముందటి అయిదేళ్లను చేర్చడం ముఖ్యం. అప్పటికే సంఖ్య తగ్గుతూ ఉంటే నేరమంతా చట్టంపై మోపడానికి వీలుండదు.

తగ్గుదలకు ఆంగ్ల మాధ్యమంపై మోజు కూడా కారణం కావచ్చు. అందుకే అదే తాలూకాలోని తమిళ మాధ్యమ ప్రభుత్వ బడుల లెక్కలను పక్కన పెట్టి చూడాలి. రెండూ ఒకే తీరున తగ్గితే కారణాన్ని మరోచోట వెదకాలి. తెలుగు బడులే ఎక్కువ తగ్గితే చట్టాన్ని అనుమానించవచ్చు గాని, ఉపాధ్యాయుల ఖాళీలను కూడా పరిశీలించకుండా తీర్పు చెప్పరాదు. మనసు కోరిన జవాబు రాకపోవచ్చునన్న సిద్ధత లేనివారు ఈ పనికి దిగకపోవడమే మేలు.

ఇదే ప్రశ్నను బళ్లారికో యానానికో యథాతథంగా తరలించలేము. బళ్లారి తాలూకా 1953లో మైసూరు రాష్ట్రంలో చేరింది. యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉంది. అక్కడి చరిత్రను బట్టి కాలపు హద్దులు మారతాయి.

ప్రశ్నను ఖాయం చేసుకునే ముందే ప్రధానోపాధ్యాయుల అనుమతితో నాలుగైదు బడుల రిజిస్టర్లు చూసి రావాలి. మొదటి ఏళ్ల పుస్తకాలు చెదలు తినివేసి ఉంటే, దొరికిన ఏడాది నుండే ప్రశ్న మొదలుకావాలి.